నాలుగు క్యారేజీలు, ఒక గిన్నె తక్కువ

నీకు జీవశాస్త్రం ఎంత వచ్చు అని ఇక ముందు ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆటోనగర్‌లో ఒక షెడ్డు షెడ్డంతా భోజనాల వేళ చెయ్యి కడుక్కుని, ఆ చెయ్యి ఆరిపోయేదాకా ఊరికే కూర్చునేంత వచ్చు. టీ తీసుకోండి, చెప్తాను. మధ్యలో నవ్వితే మాత్రం రెండో కప్పు ఉండదు.

మొన్న శనివారం సంగతి. నా వంటిల్లు మీకు తెలుసుగా, గాజువాకలో మా వీధి చివర. పొద్దున్నే వండి, క్యారేజీలు కట్టి, ఆటోనగర్ షెడ్లకి పంపిస్తాను. అక్కడ రావుగారని ఒకాయనది ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. వాళ్ళ నాన్న తణుకు వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుకు ఇనప ముక్కల మీద షెడ్డు లేపాడు. ఆయన దగ్గర పనిచేసే ముగ్గురు నా దగ్గర క్యారేజీ తెప్పించుకుంటారు. మిగతావాళ్ళంతా రోడ్డు పక్క హోటల్లో లారీ దుమ్ముతో కలుపుకుని తింటారు.

ఆ రావుగారు ఫోన్ చేసి అన్నాడు. “శనివారం నాకూ ఒకటి పంపండమ్మా కనకం గారూ. తిని చూస్తానండి. నచ్చిందంటే సోమవారం నుంచి షెడ్డు మొత్తానికి మీ భోజనమేనండి, ఆయ్.”

షెడ్డు మొత్తం అంటే నా ఒక్కదాని లాభం కాదు. నాకు సాయం చేసే నూకాలుకి రోజు విడిచి రోజే పని ఉంటోంది. ఈ షెడ్డు దొరికితే దానికి నెలంతా పనే. ఆ మాట నూకాలుతో అనేశాను కూడా. “సోమారం నించి రోజూ వచ్చీ, ఇంక ఇంకో ఇల్లు వెతుక్కోకు” అన్నాను. రావుగారు ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు. అయినా నా వంట నచ్చుతుందని నాకు తెలుసు. నా ధైర్యం అలాంటిది. ఎవరికైనా కావాలంటే కొంచెం అప్పిస్తాను.

ఇప్పుడు నా వంటింటి పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీ బుర్రకెక్కదు. నా దగ్గర ఉండేవి నాలుగే. అన్నం, కూర, చేపల పులుసు, పెరుగు. క్యారేజీకి మూడు గిన్నెలు. ఎవరికి ఏ మూడు, ఏ వరసలో, ఏ వారం ఏది మానేస్తారు, అదంతా నా పడగ్గది బీరువా తలుపు లోపలివైపు మార్కర్‌తో రాసిపెట్టాను. బీరువా తలుపు ఎక్కడికీ నడిచి రాదు కదా, అందుకని. నూకాలు పొద్దున్నే లోపలికెళ్ళి చూసి, ఆ రోజుకి కావలసినంత మటుకే వంటింటి గట్టు కడపరాయి మీద సుద్దముక్కతో దించుతుంది. చేప అని రాయడానికి దానికి బద్ధకం. చేప బొమ్మ గీసేస్తుంది. మిగతావి రాస్తుంది.

ఆ రాత చూసి గిన్నెలు నింపి, మూతలు పెట్టి, పొడుగు బల్ల మీద ఒకటే వరసలో పేరుస్తాం. మధ్యలో ఖాళీ వదలం, బల్ల ఇరుకు. అన్నీ ఒకే రకం స్టీలు గిన్నెలు, ఒకే రకం మూతలు. పేర్చడం అయ్యాక కడపరాయి తడిగుడ్డతో తుడిచేస్తాం. అప్పుడు నూకాలు ఎడమ చివర్నుంచి మూడేసి గిన్నెలు తీసుకుంటూ క్యారేజీ బిగిస్తుంది. మా ఆటో సింహాచలం ఒక్కో క్యారేజీకి ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టి, ఆటోలో కడ్డీకి వరసగా తగిలిస్తాడు. వరసలో మొదటి మూడూ ఎప్పుడూ అన్నం, కూర, పెరుగు. అది బోణీ క్యారేజీ. ఆటో ఎక్కదు, నేనూ నూకాలూ తింటాం. చివర మూడు ఖాళీ గిన్నెలు మూతలతో పెడతాం. మూడూ చేతికి తేలిగ్గా తగిలాయంటే అక్కడితో ఆపెయ్యమని.

మూత పడ్డాక మాత్రం తియ్యకూడదు. ఆవిరి పోతే అన్నం బిరుసెక్కుతుంది. ఇది నా రూలు. నా రూల్ని ఎవరైనా మీరితే నా నోరు వీధి మొదటిదాకా వినిపిస్తుంది.

శనివారం మిగతా షెడ్ల క్యారేజీలు ముందే వెళ్ళిపోయాయి. రావుగారి షెడ్డు వరస ఒక్కటే మిగిలింది. బోణీ తర్వాత మొదట బాబూరావు బాబాయ్, లేత్ మెషీను మనిషి, సుగరు. ‘చచ్చినా అన్నం పంపకు’ అని వాళ్ళావిడ నా చేత ఒట్టేయించుకుంది. ఇంటి దగ్గర్నుంచి చపాతీలు తెచ్చుకుంటాడు, నేను కూర, కూర, పెరుగు పంపుతాను. తర్వాత ఫోర్‌మన్ గోవిందరావు. వారమంతా చేప లేనిదే ముద్ద దిగదు, శనివారం మాత్రం వెంకన్నబాబు రోజని నీసు వాసన కూడా గిట్టదు. కాబట్టి ఆవేళ అన్నం, కూర, పెరుగు. తర్వాత వెల్డరు సూరిబాబు. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే ఇల్లు, వాడికి శనివారం లేదు, సోమవారం లేదు. చేప, అన్నం, అన్నం. ఆఖర్న రావుగారు. అన్నం, కూర, పెరుగు. ఆయన తర్వాత మూడు ఖాళీవి.

అన్నీ పేర్చి, కడపరాయి తుడిచి, నడుం నిలబెట్టుకునేసరికి మా చెల్లెలి కూతురు హారిక వచ్చింది. ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. ఆ మధ్యాహ్నమే క్లాసులో సెమినార్ చెప్పాలట. డీఎన్‌ఏలో ఉన్న సమాచారంతో కణం ప్రోటీన్లు ఎలా తయారుచేస్తుంది అన్నది దాని వంతుకొచ్చింది. గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, గుక్క తిప్పుకోకుండా రెండు పేజీలు ఒప్పజెప్పింది.

“అర్థమైందా?” అన్నాను.

“లేదు పెద్దమ్మా. కానీ మొత్తం వచ్చేసింది.”

“అర్థం కాకుండా మొత్తం వచ్చెయ్యడం టేపురికార్డరుకి కూడా చేతనౌతుంది. దానికి కాలేజీ బస్సెందుకు? రా ఇలా.”

నేను బడిలో చదివింది ఎనిమిది. ఆ తర్వాత చదివినదంతా వన్ టౌన్‌లో మా పుట్టింటి సందులో పాత కాగితాల కొట్లో చదివాను. అట్టలు పోయినవి, మొదటి పేజీలు లేనివి, చివర ఏమైందో తెలియనివి. చుక్కల గురించి చదివాను, మందుల గురించి చదివాను, ఓడలు ఎలా కడతారో చదివాను. మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఓడల మీద సందేహం వస్తే నన్నే అడుగుతాడు. అడక్కపోయినా చెప్తాను. హారిక బోటనీ పుస్తకం అది చదవకముందే నేను చదివేశాను. అలాంటి నా ముందు ఒక పిల్ల అర్థం కాలేదంటే నా చేతులు ఊరుకుంటాయా.

“చూడవే. కణమంటే నా ఇల్లనుకో. పడగ్గది కేంద్రకం. బీరువా తలుపు మీద రాత డీఎన్‌ఏ. అసలు రాత గది దాటి బయటికి రాదు. పని వంటింట్లో ఉంది. మరి ఎలా?”

“నకలు తియ్యాలి.”

“తీస్తుంది. నూకాలు సుద్దతో దించిందే, అది ఎంఆర్‌ఎన్‌ఏ. మొత్తం తలుపంతా దించదు, ఇవాళ్టికి ఎంత కావాలో అంతే. నాలుగు అక్షరాల్లో ఒకటి నకల్లో వేషం మారుస్తుందని మీ పుస్తకంలో లేదూ? టీ ఉండాల్సిన చోట యూ వస్తుందని? మన నూకాలు చేప అని రాయకుండా బొమ్మ గీస్తుంది చూశావా, అదే అది. అర్థం ఒకటే, రూపం వేరు. పని అయ్యాక నకలు ఉంచరు. తుడిచేస్తారు.”

హారిక కళ్ళు తెరిచింది. అప్పటిదాకా అది ఇంకా మూసుకునే ఉంది.

“ఇప్పుడీ వరస చూడు. గిన్నెకొక అక్షరం. కణంలో ఆ అక్షరాల్ని మూడేసి చొప్పున చదివే యంత్రం ఒకటుంది. రైబోజోమ్. అదిగో, నూకాలు.”

“నన్నేటంటన్నావక్కా?” అంది నూకాలు.

“మంచి మాటే అన్నాన్లే. మూడక్షరాలు కలిస్తే ఒక అమైనో ఆమ్లం. అంటే ఒక క్యారేజీ. క్యారేజీ పక్కన క్యారేజీ తగిలిస్తే గొలుసు. ఆ గొలుసు తనలో తాను ముడుచుకుని ఒక రూపానికొస్తే ప్రోటీన్. నీ జుట్టూ అదే, రక్తంలో గాలి మోసేదీ అదే, తిన్నది అరిగించేదీ అదే. మొదలెట్టమని చెప్పడానికి ముందర మూడక్షరాలుంటాయి, మన బోణీ. ఆపమని చెప్పడానికి చివర మూడు, అవిగో ఖాళీవి. వాటికి క్యారేజీ లేదు, ఆగిపోవడమే.”

“మరి టీఆర్‌ఎన్‌ఏ ఎవరు పెద్దమ్మా?”

“సింహాచలం.”

“కాదు కదా. టీఆర్‌ఎన్‌ఏ మూడక్షరాలూ సరిచూసుకుని, దానికి తగ్గదాన్నే తెచ్చి పెట్టాలి కదా. సింహాచలం మావయ్య ఏమీ చూడడు, వరసగా పేలికలు కట్టేస్తాడు.”

“చదువంటే అన్నిట్లోనూ లొసుగులు వెతకడం కాదు” అన్నాను. ఆ పిల్ల అన్నది సరిగ్గా నిజం. అప్పుడే ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆగితే నేను కనకాన్ని ఎలా అవుతాను?

“అన్నిటికంటే ముఖ్యమైనది విను. పుస్తకంలో రెండు లైన్లలో చెప్పి వదిలేశాడు. రాతలో ఒక్క అక్షరం, ఒకే ఒక్క అక్షరం ఎగిరిపోయిందనుకో.” బోణీ తర్వాత ఉన్న మొదటి గిన్నె, అంటే బాబూరావు బాబాయ్ మొదటి కూర గిన్నె, తీసి దాని చేతిలో పెట్టాను. “ఇది పోయింది. మిగతావి ఏం చేస్తాయి? ముందుకు జరుగుతాయి.” మోచెయ్యి అడ్డంగా పెట్టి వరస మొత్తాన్ని ఎడమవైపుకి తోశాను. గిన్నెలన్నీ ఒకదానికొకటి ఆనుకున్నాయి. బల్ల మీద ఖాళీ అన్నదే లేదు. ఎంత శుభ్రంగా చేశానో మీరు చూడాల్సింది. “ఇప్పుడు మూడేసి చొప్పున చదువుకుంటూ పో. ఏమవుతుందో ఆలోచించు. తొందరపడకు, ఆలోచించి చెప్పు.”

ఆ పిల్ల గిన్నె పట్టుకుని ఆలోచిస్తోంది. బయట సింహాచలం హారన్ మొదలెట్టాడు. వాడు హారన్ కొడితే ఆపడు, నిద్రపోతున్న పిల్లలు లేస్తారు, వీధిలో కుక్కలు లేస్తాయి. నేను గుమ్మంలోకెళ్ళి, “ఏటి, ఓడ బయల్దేరిపోతందా? నీ ఆటోకి అంత కూత అవసరమా?” అని మొదలుపెట్టాను. “షిప్‌యార్డు జంక్షన్‌లో ట్రాఫిక్ అక్కా” అన్నాడు. “ఆటోనగర్ వెళ్ళడానికి షిప్‌యార్డు జంక్షన్ ఎందుకురా” అన్నాను. ఇలా కొంతసేపు నడిచింది.

నేను తిరిగొచ్చేసరికి నూకాలు ఆఖరి క్యారేజీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

“అక్కా, ఈ పైది తేలిగ్గా ఉందేటి?”

“పెరుగు గిన్నె. పెరుగు సీసమా బరువుగా ఉండడానికి?”

“అలగ కాదక్కా. వెనకాల తేలిక గిన్నెలు రెండే ఉన్నాయి. మూతోపాలి తీసి సూడనా?”

“తీసి చూస్తే ఏటి కనబడతాది, నా మొహమా? వరస పెట్టింది నాను. నువ్వు మూడేసి తియ్యి, బిగించు, అంతే నీ పని. రైబోజోముకి ప్రశ్నలుండవు.”

పాపం, బిగించేసింది. సింహాచలం పేలిక కట్టేశాడు. ఆటో వెళ్ళిపోయింది. హారిక అప్పటికే కాలేజీకి బయల్దేరిపోయింది. దాని ఆలోచన ఏమైందో అడగడం కూడా మర్చిపోయాను. అంత బాగా చెప్పినందుకు నా మీద నాకే ముచ్చటేసి, ఒక గ్లాసు మజ్జిగ తాగాను.

భోజనాల వేళకి మొదటి ఫోను. సూరిబాబు.

“అక్కా, నా సేప ఏదక్కా?”

“కింద గిన్నెలో ఉంటుంది, చూసుకో.”

“కింద అన్నం. మధ్యలో అన్నం. పైన అన్నం. ఏటక్కా ఇది, సంతర్పణా?”

మూడూ అన్నమేనా అని నేను రెండోసారి అడగలేదు. ఒక్క క్షణంలో నా కళ్ళ ముందు ఆ మోచెయ్యి కనబడింది. నా మోచెయ్యే. వరసని శుభ్రంగా ఎడమకి తోసిన మోచెయ్యి. బోణీ తర్వాత ఒక గిన్నె పోయింది. అంటే సూరిబాబు చేప వాడి ముందువాడికి వెళ్ళింది. వాడి ముందువాడు గోవిందరావు. ఇవాళ శనివారం.

“సూరీ, గోవిందరావు మూత తీశాడా?”

“సెయ్యి కడుక్కోడానికెల్లాడు.”

“పరిగెత్తరా. పై గిన్నె మూత తియ్యనివ్వకు. అందులో నీ చేప ఉంది.”

అటువైపు స్టీలు గిన్నె కింద పడ్డ చప్పుడు, ఎవరో “గోవిందా” అన్న కేక. అది దేవుణ్ణి పిలవడమో, ఫోర్‌మన్‌ని పిలవడమో తెలియలేదు. తర్వాత సూరిబాబు గొంతు. “ఆపేసినానక్కా. మూత లేవలేదు. వాసన మటుకు తగిలీసింది, ముక్కు మూసుకుని గోడకి తిరిగి కూసున్నాడు. లోపల సేపుందని నీకెలా తెలిసింది? నువ్వు గాజువాకలో ఉన్నావు కదా.”

ఇక్కడ, నిజం చెప్తున్నాను, నాకు భయం వెయ్యలేదు. గర్వం వేసింది. నాలుగు క్యారేజీల్లో ఏ గిన్నెలో ఏముందో ఒక్కటీ చూడకుండా, ఇంట్లో కూర్చుని, వేళ్ళ మీద చెప్పగలను. పుస్తకం అబద్ధం ఆడలేదు.

“స్పీకర్ పెట్టరా” అన్నాను. “అందరూ వినండి. బాబూరావు బాబాయ్‌కి కూర, పెరుగు, పైన అన్నం వచ్చాయి. గోవిందరావు గారికి కూర, పెరుగు, పైన చేప. సూరిబాబుకి మూడూ అన్నం. రావుగారికి...” అక్కడ నా గొంతు కొంచెం తగ్గింది. “రావుగారికి కూర, పెరుగు, పైన...”

“ఖాళీ గిన్నెండి” అంది రావుగారి గొంతు. “మూత తీసి ఇందాకట్నుంచీ చూస్తున్నానండి. బాగా తోమారండి. నా మొహం కనబడుతోంది.”

షెడ్డులో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. నా వెనకాల నూకాలు నిలబడి వింటోంది. సోమవారం నుంచి నా దగ్గరికి రోజూ రావాలి కదా అని, పక్క వీధిలో తను పనిచేసే ఇంట్లో మానేస్తానని అప్పటికే చెప్పేసింది. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే చెప్పింది, మంచి సమయం చూసుకుని.

“కంగారేం లేదు రావుగారూ” అన్నాను. కంగారు పడ్డ గొంతు నాది కాదు, ఎవరిదో. “మీరు వరసగా కూర్చోండి. బాబాయ్, గోవిందరావు, సూరిబాబు, మీరు. ఒక్కొక్కళ్ళూ మీ పై గిన్నె పక్కవాళ్ళకి ఇచ్చెయ్యండి. బాబాయ్ అన్నం గోవిందరావుకి. గోవిందరావు చేప సూరిబాబుకి. సూరిబాబు అన్నం ఒకటి మీకు. మీ ఖాళీది పక్కన పడెయ్యండి. అంతే. ఎవరిది వాళ్ళకి వచ్చేస్తుంది. ఒక్క బాబాయ్‌కే ఒక కూర తక్కువ పడుతుంది.”

అటు ఎవరో “కూర, పెరుగు...” అని గొణుక్కున్నారు. మనసులో లెక్క కడుతున్నారని అర్థమైంది. రావుగారు ఇంజనీరింగు మనిషి కదా, ముందు ఆయనే, “అవునండోయ్” అన్నాడు. ఆ ‘అవునండోయ్’ వినడానికి నేను రోజూ ఒక గిన్నె పోగొట్టుకోమన్నా పోగొట్టుకుంటాను.

“అయితే బాబాయ్ దగ్గర్నుంచి మొదలెట్టండి” అన్నాను.

అటు ఎవరో పెద్దగా తేన్చారు.

“అమ్మా కనకం” అంది బాబూరావు బాబాయ్ గొంతు. నిండుగా ఉంది ఆ గొంతు, కడుపులోంచి వస్తోంది. “నువ్వు కావాలనే పంపావనుకున్నానమ్మా. ఈ ముసలాడి మీద జాలిపడి.”

“బాబాయ్, ఆ అన్నం...”

“చాలా బాగుందమ్మా. పెరుగు కలుపుకున్నాను. ఎన్నాళ్ళైందో. మీ పిన్నికి చెప్పకు.”

అంటే వరసలో మొట్టమొదటివాడి దగ్గరే తెగింది. గోవిందరావుకి ఇవ్వాల్సిన అన్నం బాబాయ్ పొట్టలోకి వెళ్ళిపోయింది. చేప సూరిబాబుకి చేరింది, రావుగారికి అన్నం చేరింది, శనివారం ఉపవాసం కాని గోవిందరావు మాత్రం కూరా పెరుగూ ముందు పెట్టుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు. రావుగారు ఏమన్నాడో తెలుసా? “మా ఫోర్‌మన్ తినకుండా నేనెలా తింటానండీ. ఆగుతానండి” అన్నాడు. మర్యాదస్తుడు. ఆ మర్యాద కత్తిలా గుచ్చుకుంది.

ముందు హారికకి ఫోన్ చేశాను. “ఆ గిన్నె ఎక్కడ పెట్టావే?”

“ఏ గిన్నె పెద్దమ్మా? నా లంచా?”

“నీ లంచా?”

“నువ్వే కదా చేతిలో పెట్టావు. నువ్వెప్పుడూ ఏదో ఒకటి చేతిలో పెడతావుగా. నా ఫ్రెండ్సూ నేనూ తినేశాం. దొండకాయ కూర సూపర్ అన్నారు.” ఆగింది. “ఏమైంది పెద్దమ్మా?”

ఏమైందో చెప్పాను. అటువైపు అది మూడేసి లెక్కపెట్టుకోవడం వినబడింది. తర్వాత, “ఓ” అంది. “ఇప్పుడర్థమైంది.” ఆ పిల్లకి అర్థం కావడానికి ఒక షెడ్డు పస్తుండాల్సి వచ్చింది.

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే, మిగిలిన దిక్కు ఒక్కటే కనబడింది. బోణీ క్యారేజీ. అన్నం, కూర, పెరుగు. నూకాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుని ఉంది. ఒక క్లిప్పు అప్పటికే తీసేసింది.

“ఇలా ఇయ్యి” అన్నాను.

“ఇయ్యను.”

“నూకాలూ.”

“మొదటి మూడూ మనయే, ఎవులికీ ఇవ్వక్కర్లేదని నువ్వే సెప్పినావు. ఇందాక ఆ పాపకి కూడా సెప్పినావు. పైన రైబోజోమన్నావు నన్ను. అదేటో నాకు తెల్దు గానీ, దానికి ఆకలుండదేటి?”

“నీ సోమారం పని ఇందులో ఉంది, ఇలా ఇయ్యవే.”

ఆ మాటకి ఇచ్చింది. నేను ఆటో ఎక్కాను. సింహాచలం ఆటో కాదు, వాడి హారన్ నాకు అప్పుడు భరించే ఓపిక లేదు. చెప్పుల్లో ఒకటి నాది, ఒకటి నూకాలుది అని షెడ్డు దగ్గర దిగాక చూసుకున్నాను.

షెడ్డులో కట్టర్లు ఆగిపోయి ఉన్నాయి. నలుగురూ నేను చెప్పిన వరసలోనే, ఒక పొడుగు ఇనప ఛానల్ మీద కూర్చుని ఉన్నారు. బాబాయ్ ఒక్కడే తృప్తిగా గోడకి జారబడి ఉన్నాడు. హోటల్లో తినేసి వచ్చిన మిగతా కుర్రాళ్ళంతా చుట్టూ చేరి చూస్తున్నారు, ఏదో బొమ్మలాట పెట్టినట్టు. నేను గోవిందరావు ముందు అన్నం గిన్నె పెట్టాను. బాబాయ్ ముందు కూర గిన్నె పెట్టాను, పెట్టి, “పిన్నికి నేనే చెప్తాను. చెప్పి తీరతాను. సాయంత్రం సుగరు చూపించుకో” అన్నాను. ఆయన తృప్తి కొంచెం తగ్గింది. తగ్గాలి.

రావుగారు అప్పుడు తిన్నాడు. కూర అయింది, పెరుగన్నం అయింది, వేళ్ళు కూడా నాకాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాడు.

“వంటకి వంక లేదండి. కానీ అసలు ఇదెలా జరిగిందండీ?”

ఏదో చెప్పి క్షమించమని వచ్చెయ్యొచ్చు. ఆటోవాడికి అలవాటు లేదనో, వేడికి కళ్ళు తిరిగాయనో. నేనైతే సుద్దముక్క ఉందా అని అడిగాను. ఇనుము మీద గీతలు గీసుకునే సుద్ద అక్కడ కావలసినంత. షెడ్డు గచ్చు మీద కూర్చుని, బీరువా తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి, డీఎన్‌ఏ, నకలు, మూడక్షరాలు, మోచెయ్యి, అన్నీ గీసి చెప్పాను. చేప దగ్గర నేనూ బొమ్మే గీశాను. కుర్రాళ్ళు వంగి చూశారు. సూరిబాబు చివరికి తల ఊపి, “నీ సదువు నా సేపని తిప్పి తిప్పి తెచ్చిందన్నమాట” అన్నాడు.

రావుగారు గచ్చు మీద గీతల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఆగి, బొటనవేలితో గడ్డం గోక్కున్నాడు.

“అయితేనండీ, అందరికీ ఒకే మూడూ పెట్టేస్తేనో? అన్నం, కూర, పెరుగు, మళ్ళీ అన్నం, కూర, పెరుగు. అలా షెడ్డు మొత్తానికీ. అప్పుడు మీ మోచెయ్యి తగిలి ఒక గిన్నె పోయినా, ఎక్కణ్ణుంచి మూడు తీసినా భోజనం భోజనమే కదండీ.”

సుద్దతో వేసి చూశాను. నిజమే. కూర, పెరుగు, అన్నం. కూర, పెరుగు, అన్నం. వరస తప్పుతుంది గానీ ఎవరి కడుపూ తప్పదు. ఇంత పాతకాగితాల కొట్టు చదివి నాకు తట్టనిది ఆయనకి పెరుగన్నం తిని తట్టింది. నాకు ఒళ్ళు మండింది.

“చివరివాడికి మాత్రం తక్కువ పడుతుందండీ” అన్నాను. ఊరికే ఓడిపోతానా.

“ఆ చివరి క్యారేజీ మీరు ఉంచుకోండి” అన్నాడు. “సోమవారం నుంచి పంపండి. మూతలు తీసి చూసే మనిషిని మాత్రం ఒకర్ని పెట్టండమ్మా, ఆయ్.”

సూరిబాబు గొల్లుమన్నాడు. “మరి నా సేప?” బుధవారం అందరికీ చేపే అని ఒప్పందమైంది. గోవిందరావు దానికి రెండు చేతులూ ఎత్తాడు. బాబాయ్ కూడా, అందరికీ ఒకటే అంటే తనకీ అన్నమేనా అని చెయ్యెత్తబోయాడు. ఆయనది మాత్రం విడిగా, ఎర్ర పేలిక కట్టి, నా చేత్తో, అని అక్కడికక్కడే తేల్చేశాను.

ఇప్పుడు నూకాలు రోజూ వస్తోంది. మూత పడ్డాక తియ్యకూడదన్న నా రూలు దానికి వర్తించదు. నేను పేర్చిన ప్రతి గిన్నె మూతా ఎత్తి, లోపలికి చూసి, నా మొహంలోకి చూసి, మళ్ళీ మూస్తుంది. ఏమైనా అంటే, “ఓనరు సెప్పినాడు” అంటుంది. ఆవిరి పోతుంది. నేను నోరు మూసుకుంటాను. మా ఆయన ఇది చూడ్డానికి పోర్టులో సెలవు పెట్టి ఒక రోజు వంటింట్లో కూర్చున్నాడు.

ఆ శనివారం సాయంత్రం హారిక వచ్చి గిన్నె బల్ల మీద పెట్టింది. కడిగే తెచ్చింది.

“సెమినార్?” అన్నాను.

“సూపర్‌గా అయింది పెద్దమ్మా. ఇంటి గురించీ, బీరువా గురించీ, చేప బొమ్మ గురించీ అన్నీ చెప్పాను. మేడమ్ ఒక్క ప్రశ్నే అడిగారు. ఒక్క అక్షరం ఎగిరిపోతే వచ్చే మ్యుటేషన్‌కి మామూలు జీవితంలోంచి ఉదాహరణ ఏదైనా చెప్పగలవా అని.”

“చెప్పావా?”

“చెప్పాను. మా పెద్దమ్మ అన్నాను.”

నేను దాని వైపు చూశాను. అది గడప దాకా వెనక్కి వెళ్ళింది.

“క్లాసంతా నోట్సులో రాసుకున్నారు పెద్దమ్మా. పరీక్షలో వస్తుందేమోనని.”

కొట్టడానికి చెయ్యెత్తానా? ఎత్తలేదు. ఒకటే అడిగాను. వట్టి పెద్దమ్మ అని రాసుకున్నారా, కనకం అని పేరుతో రాసుకున్నారా? జీవశాస్త్రంలోకి ఎక్కేటప్పుడు అది తేల్చుకోవాలి కదా.